26 కిలోల బస్తా, 28,800 రూపాయల ప్యాకేజీ

దిల్‌సుఖ్‌నగర్ వైపు నుంచి ఒక కిరాణా కొట్టు యజమాని రాసిన ఉత్తరం ఇది. పేరు వేయొద్దన్నారు. నడుం నొప్పికి పిలాటిస్‌కి, అంటే ఎక్కువగా పడుకుని, స్ప్రింగుల మెషీన్ల మీద కూడా చేయించే ఒక రకం వ్యాయామానికి వెళ్లాలా వద్దా అని అడుగుతూ నాలుగు పేజీలు రాశారు, ముఖ్యమైనది ఇక్కడ ఇస్తున్నాను.

ఆయనకు 44 ఏళ్లు. కొట్టు వాళ్ల నాన్నగారు పెట్టింది. ఏడు నెలల కిందట ట్రాలీ ఆటోలోంచి 26 కిలోల బియ్యం బస్తా దించుతుంటే నడుం కలుక్కుమంది. ఆ రాత్రి మంచం దిగలేకపోయారు. మూడో రోజుకి నొప్పి ఎడమ పిర్ర మీదుగా పిక్క దాకా దిగింది. ఎముకల డాక్టరు ఎమ్మారై తీయించి, నడుం కింది భాగంలో ఎల్‌4–ఎల్‌5 పూసల దగ్గర డిస్క్ బల్జ్ (పూసల మధ్య మెత్త ఉబ్బడం) ఉంది, నరం కాస్త నొక్కుకుంటోంది అన్నారు. మాత్రలు, బెల్టు, మూడు వారాల విశ్రాంతి రాశారు. 'ఇక జన్మలో బరువులు ఎత్తొద్దు' అని కూడా అన్నారు. తర్వాత పది సిట్టింగ్‌లు ఫిజియోథెరపీకి వెళ్తే కరెంటు పెట్టారు, ట్రాక్షన్ వేశారు (నడుం సాగదీశారు). ఆ పది రోజులూ హాయిగా ఉంది. ఆపిన నాలుగో రోజుకి నొప్పి మళ్లీ మొదలైంది. ఇప్పుడు కాలు నొప్పి చాలావరకు తగ్గింది కానీ, గంటసేపు కౌంటర్లో స్టూలు మీద కూర్చుంటే నడుం బిగుసుకుపోతోంది. పిక్కలో అప్పుడప్పుడు తిమ్మిరి.

వాళ్ల నాన్నగారు మాత్రం, 'క్వింటాలు బస్తాలు వీపు మీద మోసినోళ్లం మేం. నీకు పండుకొని కాళ్లు ఊపనీకి పైసలా?' అంటున్నారు. ఎదురుకాళ్లతో పుట్టిన పక్కింటాయన్ని పిలిపించి నడుం మీద మూడు తన్నులు కూడా తన్నించారట. భార్య ఒక క్లినిక్ కనుక్కొచ్చారు. అక్కడ ఫిజియోథెరపిస్టే పిలాటిస్ చేయిస్తారు. సిట్టింగ్‌కి 1,200 చొప్పున 24 సిట్టింగ్‌లకు 28,800. బామ్మర్దేమో తాను వెళ్లే జిమ్ములో అవే మెషీన్ల మీద మూడు నెలలకు 9,000 కడితే చాలంటున్నాడు. బస్తాలు ఎత్తడానికి నెలకు 12,000 ఇచ్చి ఒక కుర్రాణ్ణి పెట్టుకున్నారు. ఇంట్లో తెలియని సంగతి ఇంకొకటి: పక్క మెడికల్ షాపులో కొనుక్కుని నాలుగు నెలలుగా రోజుకు రెండు డైక్లోఫెనాక్ అనే నొప్పి మాత్రలు మింగుతున్నారు. బీపీ కూడా ఉంది.

'ఇది నిజంగా నడుం బాగుచేస్తదా, పైసలున్నోళ్ల షోకా? అంతా ఆడవాళ్లుండే కాడికి నేనెట్ల పోవాలె?' అని అడిగారు. చివర్లో ఒకసారి కొట్టేసి మళ్లీ రాసిన వాక్యం ఉంది: 'అయిదు కిలోల సంచి ఆడవాళ్లే ఎత్తుకొని పోతుంటే నేను చూసుకుంట నిలబడుతున్న. మొఖం చెల్లుతలేదు.'

సమాధానం

డాక్టరుగారూ అని మొదలుపెట్టారు. నేను ఫిజియోథెరపిస్టుని. మీ నడుం నా ముందు లేదు, మీ ఉత్తరమే ఉంది. అందుకని రోగం పేరు పెట్టను. దేని వల్ల ఏమవుతుందో చెబుతాను, తేల్చుకోవలసింది మీరు.

డబ్బు సంగతి, పిలాటిస్ సంగతి తర్వాత. ముందు ఆ మాత్రలు. డైక్లోఫెనాక్ నాలుగు రోజుల మందు, నాలుగు నెలల మందు కాదు. రోజూ మింగితే కడుపులో పుండు పడొచ్చు, కిడ్నీల మీద భారం పడుతుంది, బీపీ పెరుగుతుంది, బీపీ మాత్ర సరిగ్గా పనిచేయదు. ఈ వారంలోనే మీ బీపీ చూసే డాక్టరు దగ్గరికి వెళ్లి ఎన్ని మింగారో ఉన్నదున్నట్టు చెప్పండి. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్ష రాయమని అడగండి. షుగరు చూపించుకుని చాలాకాలమైతే అదీ చేయించండి, తిమ్మిర్లకు అది కూడా ఒక కారణం కావచ్చు. మలం తారులా నల్లగా వస్తే మాత్రం అపాయింట్‌మెంట్ కోసం చూడకుండా ఆసుపత్రికి వెళ్లండి. ఇంకో సంగతి. మాత్ర వేసుకుని వ్యాయామానికి వెళ్తే ఏ కదలిక మీ ఒంటికి పడుతోందో, ఏది పడటం లేదో చేయించేవాళ్లకు తెలియదు, మీకూ తెలియదు. అసలు సంగతి మర్నాడు మాత్ర దిగాక బయటపడుతుంది. మీ ఆవిడకు కూడా చెప్పేయండి. క్లినిక్ వెతికి పెట్టిన మనిషి దగ్గర దాచడం దేనికి?

రెండోది అయిదు నిమిషాల పని. కొట్టు కట్టేశాక గోడ పక్కన నిలబడి మడమల మీద పది అడుగులు, మునివేళ్ల మీద పది అడుగులు వేయండి. ఎడమ పాదం కుడిదానిలా లేవకపోతే, నడుస్తుంటే చెప్పు జారిపోతుంటే ఏ క్లాసుకూ వెళ్లకుండా ముందు వెన్నెముక డాక్టరుకు చూపించండి. మూత్రం ఆగిపోయినా, తెలియకుండా పోతున్నా, తొడల మధ్య కూర్చునే చోట మొద్దుబారినా అదే రోజు, అర్ధరాత్రి అయినా సరే ఎమర్జెన్సీకి వెళ్లాలి. మీ ఉత్తరంలో ఇవేవీ లేవు. లేవనే అనుకుని మిగతాది రాస్తున్నాను.

ఎమ్మారై రిపోర్టు చదివి భయపడ్డానన్నారు. నడుం నొప్పి అన్నదే లేని మనుషులకు తీసిన స్కానింగులన్నీ కలిపి చూసిన సమీక్ష ఒకటి 2015లో వచ్చింది. నలభై ఏళ్ల వాళ్లలో సగం మందికి డిస్క్ బల్జ్ కనిపించింది. హాయిగా తిరుగుతున్న వాళ్ల సంగతి ఇది. మీ నొప్పి అబద్ధమని కాదు, పిక్క దాకా దిగిన నొప్పికి ఆ నరం కారణమే కావచ్చు. కానీ అలాంటి నరం నొప్పి చాలామందికి ఆపరేషన్ లేకుండానే వారాల్లో, నెలల్లో తగ్గుతుంది. మీకూ తగ్గుతోంది. మరి 'జన్మలో బరువులు ఎత్తొద్దు' అన్న మాటో? మొదటి మూడు వారాలకు అది సరిపోయే సలహా. ఏడు నెలల తర్వాత, కిరాణా కొట్టు మనిషికి అది పనికిరాదని నా అభిప్రాయం. ఇప్పుడు మీ నొప్పి పదిలో మూడు పాళ్లు ఉంటే భయం ఏడు పాళ్లు ఉంది. అయిదు కిలోల సంచి ఎత్తకుండా మిమ్మల్ని నిలబెడుతున్నది ఆ ఏడే.

ఇక పిలాటిస్. ఇది ఆడవాళ్ల వ్యవహారం అనుకుంటున్నారు. దీన్ని తయారుచేసినాయన జోసెఫ్ పిలాటిస్, 1883లో జర్మనీలో పుట్టారు. కసరత్తు మనిషి, బాక్సింగ్ కూడా చేసేవారు. మొదటి ప్రపంచ యుద్ధం వచ్చినప్పుడు ఇంగ్లండులో ఉండటంతో, శత్రుదేశం వాడని నిర్బంధ శిబిరంలో పెట్టారు. ఈ పద్ధతికి రూపం వచ్చింది అక్కడే. మంచాల స్ప్రింగులు విప్పి రోగుల చేత పడుకునే వ్యాయామం చేయించేవారని చెబుతారు. ఇప్పుడు స్టూడియోల్లో కనిపించే రిఫార్మర్ అనే స్ప్రింగుల బల్ల ఆయన రూపొందించిందే. తర్వాత న్యూయార్కులో స్టూడియో పెడితే డాన్సర్లు ఎక్కువగా వచ్చారు. సుకుమారం ముద్ర అలా పడింది.

మీకు పనికొచ్చే ముక్క ఇంకొకటుంది. 2000 సంవత్సరంలో న్యూయార్కు ఫెడరల్ కోర్టు 'పిలాటిస్' ఎవరి సొంత ట్రేడ్‌మార్కూ కాదని తీర్పు ఇచ్చింది. యోగా అన్నట్టే అదీ మామూలు మాట అయిపోయింది. కాబట్టి బోర్డు మీద పిలాటిస్ అని ఉన్నంత మాత్రాన లోపల ఎవరున్నారో తెలియదు. నాలుగున్నరేళ్లు బీపీటీ (ఫిజియోథెరపీ డిగ్రీ) చదివి, అందులో ఆరు నెలలు ఆసుపత్రిలో ఇంటర్న్‌షిప్ చేసినవాళ్లు ఉండొచ్చు. కొన్ని వారాల సర్టిఫికెట్ కోర్సు చేసినవాళ్లూ ఉండొచ్చు. రెండోవాళ్లు చెడ్డవాళ్లేం కాదు. ఏ రోగమూ లేనివాళ్లకు చక్కగా చేయిస్తారు. నరం నొక్కుకున్న నడుం వాళ్ల చదువులో ఉండదు, అంతే.

ఫిజియోథెరపిస్టు చేయిస్తే ఎలా ఉంటుందో చెబుతాను. మొదటి రోజు మెషీన్ ఎక్కించరు, ఎక్కిస్తే అనుమానించండి. వంగమంటారు, వెనక్కి వాలమంటారు, కాలు ఎత్తి చూస్తారు, మోకాలి దగ్గర సుత్తితో కొడతారు, బొటనవేలు పైకి లేపమని అదిమి పడతారు. ఆ తర్వాత వెల్లకిలా పడుకోబెట్టి మోకాళ్లు మడవమంటారు. తుంటి ఎముకకు రెండు వేళ్ల లోపల మీ వేళ్లే పెట్టించి, నెమ్మదిగా ఊపిరి వదులుతూ పొత్తికడుపు కొద్దిగా లోపలికి తీసుకోమంటారు. వేళ్ల కింద సన్నగా ఏదో బిగుస్తుంది. పొట్ట చుట్టూ నడికట్టులా చుట్టుకుని ఉండే లోపలి కండరం అది. దానికి తోడు వెన్నుపూసల్ని అంటిపెట్టుకున్న చిన్న కండరాలు, పైన డయాఫ్రం (ఊపిరి పీల్చే కండరం), కింద పెల్విక్ ఫ్లోర్ (కటి అడుగున ఉండే కండరాలు). కోర్ అని అందరూ అంటున్నది ముఖ్యంగా వీటినే. మొదటిసారి చేసినవాళ్లు దాదాపు అందరూ ఊపిరి బిగబట్టేస్తారు. మీరూ బిగబడతారు. బస్తా ఎత్తేటప్పుడూ అదే చేస్తున్నారేమో చూసుకోండి. ఊపిరి ఆడుతుండగానే ఆ పట్టు నిలబెట్టి ఒక కాలు లేపడం, తర్వాత కాలూ చెయ్యీ కలిపి లేపడం, తర్వాత నడుం ఎత్తడం, ఇలా పోతుంది. రిఫార్మర్ మీద ఇంకో చిత్రం ఉంది. కొన్ని వ్యాయామాల్లో స్ప్రింగులు తగ్గించినకొద్దీ కష్టం పెరుగుతుంది, ఎందుకంటే బల్ల జారుతుంటే మిమ్మల్ని మీరే ఆపుకోవాలి. మీ నాన్నగారిని ఒకసారి దాని మీద పడుకోబెడితే 'కాళ్లు ఊపుడు' అన్న మాట వెనక్కి తీసుకుంటారు.

మరి పనిచేస్తుందా? ఉన్నది ఉన్నట్టు చెబుతాను. నడుం నొప్పికి పిలాటిస్ మీద జరిగిన ప్రయోగాలన్నిటినీ కలిపి చూసిన కాక్రేన్ అనే సంస్థ సమీక్ష 2015లో వచ్చింది. ఏమీ చేయకుండా ఉండటం కంటే నొప్పి తగ్గించడంలో ఇది మేలని, మిగతా వ్యాయామాల కంటే గొప్పదని మాత్రం రుజువు కాలేదని తేల్చింది. అంటే షోకూ కాదు, మంత్రమూ కాదు. కొన్ని మంచి దారుల్లో ఒకటి. 28,800 చేతిలో పెట్టుకుని ఆలోచించేటప్పుడు రెండో సగం కూడా గుర్తుంచుకోవాలి.

అందుకే మీ ప్రశ్నను కొంచెం తిప్పుతాను. పిలాటిస్ మంచిదా కాదా అన్నది పక్కన పెట్టండి. ఈ దారిలో పోతే 26 కిలోల బస్తా మళ్లీ ఎత్తే రోజు వస్తుందా? ప్రతి దారినీ ఈ ప్రశ్నతోనే తూచండి. (25 కిలోల దాకా ప్యాకింగ్ మీద 2022 జులైలో 5 శాతం జీఎస్టీ పడటంతో మిల్లులు బస్తాను 26 చేశాయని మీకు నేను చెప్పాలా! పన్ను తప్పించుకున్న ఆ ఒక్క కిలో వచ్చి మీ నడుం మీద పడింది.)

మీ ఆవిడ చూసిన క్లినిక్ ఈ తూకానికి నిలవొచ్చు, నిలవకపోనూ వచ్చు. 24 సిట్టింగ్‌లూ పడుకునీ, పాకుతూనే గడిచిపోతే పొత్తికడుపు బిగించడం బాగా వస్తుంది, బస్తా మాత్రం నేల మీదే ఉంటుంది. డబ్బు కట్టే ముందు అక్కడ రెండు మాటలు అడగండి: నాతో బరువు ఎప్పుడు ఎత్తిస్తారు, నేను రావడం ఎప్పుడు మానేయొచ్చు? రెండో ప్రశ్నకు తడుముకునే చోట నాకు నమ్మకం కుదరదు. ప్యాకేజీ మొత్తం ఒకేసారి కట్టక్కర్లేదు కూడా. ముందు ఆరు సిట్టింగ్‌లు, 7,200. నేర్చుకున్నది రోజూ ఇంట్లో ఇరవై నిమిషాలు చేస్తూ, రెండు మూడు వారాలకోసారి వెళ్లి చూపించుకుంటే అలాంటివి మూడు, 3,600. మొత్తం 10,800లో తేలుతుంది. మీ కుర్రాడి నెల జీతం కంటే తక్కువ. దీనిలో చిక్కు ఒకటే. ఇంట్లో చేయకపోతే ఆ 10,800 కూడా దండగే. మిమ్మల్ని మీరు ఎరుగుదురు కదా. ఎవరో ఒకరు నిలబడి చేయిస్తే తప్ప చేయని మనిషి అయితే 24 సిట్టింగ్‌లే మీకు చవక.

బామ్మర్ది జిమ్ము ఇప్పుడే వద్దంటాను. ఒక్కరు పదిమందికి చేయించే చోట మీ నడుం వైపు చూసేవాళ్లుండరు. పడుకుని ఒక్కో పూసా లేపుతూ ముందుకు వంగి కాలివేళ్లు అందుకునే రోల్ అప్ లాంటివి మామూలు పిలాటిస్‌లో చాలా ఉన్నాయి. పిక్కలో తిమ్మిరి ఇంకా పూర్తిగా పోని మనిషికి అవి పాత గొడవను లేపొచ్చు. మూడు నాలుగు నెలలయ్యాక కాలు శుభ్రంగా ఉంటే వెళ్లండి. అప్పుడు 9,000 మంచి బేరమే. బామ్మర్దికి కూడా అలాగే చెప్పండి, నొచ్చుకోడు.

చేతిలో డబ్బు ఆడకపోతే గాంధీ, ఉస్మానియా, నిమ్స్‌లలో ఫిజియోథెరపీ విభాగాలున్నాయి. పిలాటిస్ అన్న పేరు వినపడకపోవచ్చు, కానీ అదే జాతి వ్యాయామాలు నేర్చుకోవచ్చు. వెళ్లి 'కరెంటు వద్దు, వ్యాయామం నేర్పండి' అని నోరు తెరిచి అడగాలి. మొదటిసారి మీకు కరెంటు, ట్రాక్షనే ఇచ్చారు, వ్యాయామం నేర్పలేదు. కరెంటు నొప్పిని కాసేపు కప్పుతుంది, కండరానికి ఏమీ నేర్పదు. అందుకే నాలుగో రోజుకి మళ్లీ మొదటికొచ్చారు. మా వృత్తిలోనే ఆ అలవాటు ఉంది, చెప్పడానికి సిగ్గుగానే ఉంది. ఇక్కడ మీకు ఖర్చు రూపాయల్లో కంటే టైములో పడుతుంది. ఓపీ టైమూ కొట్లో గిరాకీ టైమూ ఒకటే.

ఏ దారి ఎంచుకున్నా నడక కలపండి. 2024లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో ఆస్ట్రేలియా వాళ్ల పరిశోధన ఒకటి వచ్చింది. నడుం నొప్పి వచ్చి తగ్గినవాళ్లలో కొందరికి ఫిజియోథెరపిస్టు నడకను కొద్దికొద్దిగా పెంచుతూ అలవాటు చేశారు. వాళ్లకు నొప్పి తిరగబెట్టడానికి మధ్యస్థంగా 208 రోజులు పట్టింది. నడక లేనివాళ్లకు 112. సరూర్‌నగర్ చెరువు పక్క పార్కులో పొద్దున పది నిమిషాలతో మొదలుపెట్టండి. వారానికి అయిదు రోజులు, అరగంట దాకా పెంచుకుంటూ పోవాలి. దీనికి పెద్ద ఖర్చు లేదు.

ఆడవాళ్ల మధ్య ఎలా అన్నారు. ఒక్కరికే చేయించే సిట్టింగ్ అడగండి, మధ్యాహ్నం రెండు మూడు గంటల మధ్య. మీ కొట్లోనూ అప్పుడు గిరాకీ ఉండదు, వాళ్ల దగ్గరా ఖాళీయే. ట్రాక్ ప్యాంటు, టీషర్టు చాలు. ఎవరి నడుం గొడవ వాళ్లకుంటుంది, మిమ్మల్ని చూసే తీరిక అక్కడ ఎవరికీ ఉండదు.

మీ నాన్నగారితో వాదన పెట్టుకోకండి. ఆయన చెప్పింది నిజమే, సగం మాత్రమే చెప్పారు. మలక్‌పేట గంజ్‌కి సరుకుకి వెళ్లినప్పుడు ఒక హమాలీని గమనించండి. బరువు బస్తాను నేల మీద నుంచి ఒక్కడే వంగి లేపడు. ఇద్దరు చెరో వైపు పట్టి వీపు మీద పెడతారు, అతను మోకాళ్లు కొద్దిగా వంచి అందుకుని, బరువు ఒంటికి ఆనించుకుని నడుస్తాడు. పైగా చిన్నప్పటి నుంచి రోజూ అదే పని. మీ నాన్నగారి నడుం కూడా అలాగే తయారైంది. మీరు పద్నాలుగు గంటలు స్టూలు మీద కూర్చుని, వారానికోసారి ఆటోలోకి చెయ్యి చాపి, ఒళ్లు మెలితిప్పి బస్తా లాగారు. 'నాన్నా, మీరు బస్తా ఎట్ల ఎత్తేటోళ్లు, చూపించండి' అని ఒకసారి అడగండి. క్లాసు మాట ఎత్తకుండా ఆ మాట ఎత్తితే ఆయన దారికి రావచ్చు. రాకపోయినా ఒక మంచి పాఠం దొరుకుతుంది. ఎదురుకాళ్లాయన తన్నులు మాత్రం ఇక చాలు.

బస్తా దగ్గరికి వెళ్లే మెట్లు మీ కొట్లోనే ఉన్నాయి. మొదట చీపురుకట్ట వెనక్కి పెట్టుకుని నిలబడాలి. తల వెనక, భుజాల మధ్య, తోక ఎముక దగ్గర మూడు చోట్లా తగలాలి. ఆ మూడూ వదలకుండా పిర్రలు వెనక్కి తోస్తూ వంగడం అలవాటు చేసుకోవాలి. అది వచ్చాక అయిదు కిలోల గోధుమపిండి ప్యాకెట్, బల్ల ఎత్తు నుంచి. ఆ తర్వాత పది కిలోల బియ్యం. తర్వాత పదిహేను కిలోల నూనె డబ్బా, ముందు మోకాలి ఎత్తు నుంచి, ఆపైన నేల మీద నుంచి. చివరికి బస్తా. మెట్టు మెట్టుకీ మధ్య ఎన్ని వారాలన్నది మిమ్మల్ని పరీక్షించినవాళ్లు చెప్పాలి. మీరు కనిపెట్టవలసింది నొప్పి పోకడ. పదికి మూడు దాకా నొప్పి వచ్చి మర్నాడు పొద్దుటికి సర్దుకుంటే ఫరవాలేదు. పిక్కలో ఉన్నది పిర్రకూ, నడుముకూ ఎక్కి వస్తోందంటే నడుంలో కాస్త నొప్పి ఉన్నా అది మంచిదే. నడుంలోంచి కిందికి దిగుతోందంటే ఒక మెట్టు వెనక్కి రండి.

బెల్టు ఎత్తే కాసేపు కట్టుకుంటే తప్పులేదు, రోజంతా వద్దు. కుర్రాణ్ణి మాన్పించకండి. మీకు బస్తా ఎత్తడం వచ్చినా లోడు మొత్తం మీరే దించాలని ఎక్కడా లేదు.

మొదటిరోజు ఎమ్మారై ఫైలు, బీపీ మాత్రల చీటీ తీసుకెళ్లండి. కొట్లోంచి అయిదు కిలోల గోధుమపిండి ప్యాకెట్ ఒకటి కూడా సంచిలో వేసుకెళ్లండి. మోయడానికి మీ ఆవిడో, కుర్రాడో తోడు రానీయండి. అది వాళ్ల బల్ల మీద పెట్టి, ఇది నేనెప్పుడు ఎత్తుతాను అని అడగండి.